తుండుగుడ్డ కింద బేరం

యీ మధ్య మన యువకులకు ఒక కొత్త నీతి బోధిస్తున్నారు: "లింకును దాచు, లింకును కాపాడుకో" అని. ఫీజు కట్టించుకుని డిజిటల్ మార్కెటింగు నేర్పేవాళ్ల దగ్గర యిది పాఠం. యూట్యూబులో యిదే ఉచిత ప్రవచనం. జి. కొండూరులోనూ, చెవుటూరు, వెలగలేరు లాంటి చుట్టుపట్ల వూళ్లలోనూ డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం చేతికి రాక, ఫోను తప్ప మరే పెట్టుబడీ లేని పిల్లలకు యిదే జీవనోపాయమని నమ్మబలుకుతున్నారు. చదువు చెప్పుకుని బతికేవాణ్ణి కనుక ఆ ప్రశ్న నా దాకా వచ్చింది: "మాస్టారూ, లింకు దాచటం తప్పంటారా?"

మన శిబిరంలో యీ ప్రశ్నకు రెండు జవాబులు సిద్ధంగా వున్నాయి. "యిదంతా దళారీ వ్యాపారం, దళారీలు దళారీల్ని మోసం చేసుకుంటే మనకేమి?" అన్నది ఒకటి. "పాపం, కుర్రవాళ్లు నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్నారు, వాళ్లకు నీతులు చెప్పటం మధ్యతరగతి చాదస్తం" అన్నది రెండోది. మొదటిదానిలో కాఠిన్యం వుంది, రెండోదానిలో జాలి వుంది. విచారణ రెండింటిలోనూ లేదు. యెవరినుంచి దాస్తున్నారు? యెవరికోసం కాపాడుతున్నారు? యీ రెండు ప్రశ్నలూ వెయ్యకుండా తప్పొప్పులు తేల్చలేము.

ముందు యీ లింకు పని చేసే తీరు చూద్దాం. ఒక పెద్ద కంపెనీకి ఫోనులో అంగడి వుంటుంది. ఆ అంగట్లోని మిక్సీనో, చెప్పులజతనో, పుస్తకాన్నో నేను నా వీడియోలో మెచ్చుకుని, కింద దాని చిరునామా యిస్తాను. ఆ చిరునామా తోకలో నా గుర్తు ఒకటి వుంటుంది. మీరు దాన్ని నొక్కగానే, "వీరిని ఫలానావాడు పంపాడు" అని అంగడివారు మీ ఫోనులో ఒక చిన్న ముద్ర వేస్తారు. దానినే కుకీ అంటున్నారు. గడువులోగా మీరు కొంటే నాకు కమిషన్ ముడుతుంది. కొనకపోతే నేను వీడియో తీసిన మూడురోజులకూ దమ్మిడీ రాదు. అమెజాన్ కంపెనీ తన యీ పథకాన్ని 1996లో ప్రారంభించింది. అప్పుడు అది అమ్మేది పుస్తకాలే. పుస్తకం గురించి నాలుగు మంచి మాటలు రాసి, కింద లింకు పెట్టటం అనే పద్ధతి అలా పుస్తకాలతోనే బలపడిందనేది మనబోటి సాహిత్యజీవులు మరవకూడని సంగతి. దీనికి మళ్లీ వస్తాను.

లింకును దాచటమంటే, అంగడి పేరూ నా గుర్తూ కనబడే ఆ పొడుగాటి చిరునామాకు బదులు నా సొంత పేరుతో ఒక పొట్టి చిరునామా తయారుచేసి పెట్టటం. చూసేవాడికి అది నా యింటి గుమ్మంలా కనబడుతుంది. నొక్కితే తిన్నగా కంపెనీ అంగట్లోకి తీసుకుపోతుంది. యీ పనికోసమే ప్రెట్టీ లింక్స్, థర్‌స్టీ అఫిలియేట్స్ వంటి పేర్లతో పనిముట్లు వున్నాయి. దీన్ని సమర్థించేవారు మూడు కారణాలు చెబుతారు. పొడుగాటి లింకు వికారంగా వుండి చూసినవాడు భయపడతాడట. గుర్తు బయటికి కనబడితే యెవరైనా దాన్ని తీసేసి తమ గుర్తు తగిలించుకుంటారట. రేపు కంపెనీ లింకు మార్చితే వంద చోట్ల దిద్దుకోకుండా ఒక్కచోట దిద్దుకుంటే సరిపోతుందట.

మూడో కారణం న్యాయమైనదే. దానిమీద నాకు పేచీ లేదు. పొట్టిగా రాయటం వేరు, దాచటం వేరు. రైలు స్టేషన్లో పెట్టె మీద పేరు పొట్టిగా రాసుకున్నవాణ్ణి దొంగ అనము. పొట్టి లింకు పక్కనే "యిది ఫలానా అంగడికి పోతుంది, మీరు కొంటే నాకు కమిషన్ వస్తుంది" అని రాసినవాడు దాచినవాడు కాడు. అసలు పేచీ మొదటి రెండు కారణాలతో. వాటిలో ఒకటి కొనేవాడి కళ్లకు గంతలు కట్టటం; రెండోది, ఆ గంతలు కడితే మన సొత్తు క్షేమమనే భ్రమ.

యీ భ్రమను అర్థం చేసుకోవటానికి మన మామిడి నేల కంటె మంచి పాఠశాల లేదు. నూజివీడు రసాలూ బంగినపల్లీ కాసే యీ ప్రాంతపు రైతుకు కమిషన్ అంటే యేమిటో యే పుస్తకమూ నేర్పనక్కరలేదు. పూత మీద వున్నప్పుడే అప్పు యిచ్చి, కాయ తన ద్వారానే అమ్మాలని రైతును కట్టేసుకునే ఏజెంటును అతడు యెరుగును. నున్న మార్కెట్టులో సరుకు దించాక కమిషన్ పేరిట ఒక కోత, సూటు పేరిట తూకంలో మరొక కోత పడటం యెరుగును. పాతతరం వాళ్లు మరొకటి కూడ యెరుగుదురు: తుండుగుడ్డ కింద బేరం. మన వైపు పశువుల సంతల్లోనూ, పండ్ల మార్కెట్లలోనూ దళారీ, కొనుగోలుదారూ ఒక తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారు. సరుకు తెచ్చిన రైతు యెదురుగానే నిలబడి వుండేవాడు. అతడి కాయ ధరే అక్కడ తేలుతున్నది. అతడికి మాత్రం ఆ ధర కనబడదు. వేళ్లు పలికిన ధర ఒకటి, రైతు చెవిన వేసిన ధర మరొకటి. మధ్య తేడా గుడ్డ కిందే వుండిపోయేది.

యీ దుర్మార్గాన్ని అడ్డటానికే గదా క్రమబద్ధమైన మార్కెట్లు రావాలని వ్యవసాయంపై వేసిన రాయల్ కమిషన్ 1928లో సిఫారసు చేసింది. 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టమూ, 1966లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయోత్పత్తుల, పశుసంపద మార్కెట్ల చట్టమూ వచ్చాయి. ఏజెంటుకు లైసెన్సు వుండాలి, లెక్క వుండాలి, బేరం బాహాటంగా జరగాలి అన్నది వాటి సూత్రం. చట్టం వచ్చినంతలో దోపిడీ పోయిందని నేననను. సూటు నేటికీ రైతుసంఘాల ఫిర్యాదుల్లో వున్నమాటే. అయితే ఒక విషయం మాత్రం స్థిరపడింది. గుడ్డ కప్పటం నేర్పరితనం కాదు, నేరమని సమాజం ఒప్పుకున్నది. ఆ గుడ్డనే యిప్పుడు మన పిల్లల చేతికిచ్చి, యిది నైపుణ్యమని సర్టిఫికెట్లు యిస్తున్నారు!

యెవరినుంచి దాస్తున్నారో కాస్త నిదానంగా చూడండి. కంపెనీనుంచి దాస్తున్నారా? సాధ్యం కాదు. అమెజాన్ తన కమిషన్ భాగస్వాములతో రాయించుకునే ఒప్పందంలోనే, మనిషి యెక్కడినుంచి వచ్చాడో తనకు తెలియకుండా లింకును కప్పిపుచ్చరాదనీ, తన అంగడికి పోతున్నామన్న సంగతి మరుగుపడేలా పొట్టి లింకులు వాడరాదనీ షరతు వున్నది. పట్టుబడితే ఖాతా మూస్తుంది. పోనీ, గూగుల్‌నుంచి దాస్తున్నారా? అదీ లేదు. 2005లోనే గూగుల్ యితర సంస్థలతో కలిసి, "యీ లింకుకు నేను పూచీ కాదు" అని యంత్రానికి చెప్పే గుర్తొకటి ప్రవేశపెట్టింది. 2019లో "యిది డబ్బు తీసుకుని పెట్టిన లింకు" అని చెప్పేందుకు ప్రత్యేకంగా మరొక గుర్తు తెచ్చింది. లింకులు దాచటం నేర్పే ఆ గురువులే, యీ గుర్తు తప్పకుండా పెట్టండి, లేకపోతే వెతుకులాటలో మీ పేజీ అడుగున పడుతుందని హెచ్చరిస్తారు.

అంటే లెక్క యేమి తేలింది? కంపెనీకి నిజం చెప్పాలి. గూగుల్ యంత్రానికి నిజం చెప్పాలి. నిజం తెలియనక్కరలేనివాడు ఒక్కడే: జేబులోంచి డబ్బు తీసేవాడు. బలవంతుడి యెదుట నిజాయితీ, బలహీనుడి యెదుట గుడ్డ! దీన్ని నేర్పరితనమని పిలిచేవారు ఆ మాటకు అర్థం మార్చేశారు.

"పేరు బయటపెడితే జనం నొక్కరు గదా" అంటారు. యీ వాదం యెంత అమాయకంగా ధ్వనిస్తుందో అంత ప్రమాదకరమైనది. కమిషన్ సంగతి తెలిస్తే కొననివాడు, తెలియక కొన్నాడంటే, నీకు వచ్చిన డబ్బు నీ సలహాకు వచ్చింది కాదు, అతడి అజ్ఞానానికి వచ్చింది. "వాటా సంగతి చెబితే రైతు నా కొట్టుకు రాడు" అని మార్కెట్టు ఏజెంటు అంటే అతణ్ణి మనం యేమంటాం? అదే మాట యిక్కడా చెల్లుతుంది. నిజంగా మంచి సలహా యిచ్చేవాడికి భయమెందుకు? "ఆర్నెల్లు వాడాను, బాగుంది, మీరు యిక్కడ కొంటే నాకు యింత వస్తుంది" అంటే నమ్మేవాళ్లు నమ్ముతారు. నమ్మనివాళ్లకు నమ్మకపోయే హక్కు వున్నది.

యిక రెండో మాట, కాపాడుకోవటం. దీన్ని నేను తేలిగ్గా తోసెయ్యను. కమిషన్ దొంగతనం జరుగుతున్న మాట నిజం. కష్టపడి వీడియో తీసి, ప్రశ్నలకు జవాబులు చెప్పి, మనిషిని గుమ్మం దాకా తెచ్చిన పిల్లకు రావలసిన డబ్బు మరొకడి ఖాతాకు పోతున్నది. అయితే అది యే దారిన పోతున్నది? గుర్తు కనబడటం వల్ల పోతున్నదా? దారులు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి దారి గడువు. అమెజాన్ వేసే ముద్రకు ఆయుష్షు 24 గంటలు. ఆ లోగా సరుకు బుట్టలో వేసుకుంటే కొంత వెసులుబాటు వున్నది. లేదంటే, మీ మాట విని రెండురోజులు ఆలోచించి, యింట్లోవాళ్లను అడిగి, మూడోరోజున కొన్నవాడి కమిషన్ మీది కాదు. మన యిళ్లలో మిక్సీ కొనటానికి యెన్నిరోజులు ఆలోచిస్తారో లెక్కవేసుకోండి. రెండో దారి ఆఖరి నొక్కు నియమం. యెంతమంది చెప్పినా, ఆఖరున యెవరి లింకు నొక్కితే వాడికే మొత్తం ముడుతుంది. చేను దున్నినవాడికీ, నీరు పెట్టినవాడికీ కూలి లేదు; కోత నాడు గట్టున కనబడినవాడికే కూలి.

యీ ఆఖరి నొక్కు నియమమే దొంగతనానికి తలుపు తెరిచింది. అమెరికాలో షాన్ హోగన్ అనేవాడు ఈబే కంపెనీకి అందరికన్న పెద్ద కమిషన్ భాగస్వామిగా పేరు మోశాడు. జనం యే లింకూ నొక్కకుండానే వాళ్ల కంప్యూటర్లలో తన ముద్ర పడేటట్లు యేర్పాటు చేసుకుని, వాళ్లు తర్వాత తమంతట తాము కొన్న సరుకుకు కమిషన్లు దండుకున్నాడు. ఈబే 2008లో దావా వేసింది. అతడు నేరం ఒప్పుకున్నాక 2014లో అయిదు నెలల జైలుశిక్ష పడింది. మరి పెద్ద కంపెనీ మీద అలాంటి ఆరోపణ వస్తే యేమవుతుంది? తగ్గింపు కూపన్లు వెతికిపెడతానని చెప్పి బ్రౌజరులో చేరే హనీ అనే పనిముట్టును పేపాల్ కంపెనీ సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నది. డబ్బు కట్టే ఆఖరి క్షణంలో అది యితరుల ముద్ర తీసి తన ముద్ర వేస్తున్నదని 2024 డిసెంబరులో ఒక యూట్యూబరు ఆరోపించాడు. వీడియోలు చేసేవాళ్లు పలువురు కోర్టులకు వెళ్లారు. కంపెనీ, తాను వ్యాపార నియమాలనే పాటిస్తున్నానని సమాధానం చెప్పింది. న్యాయాన్యాయాలు కోర్టు తేలుస్తుంది. మనం గమనించవలసింది ఆ సమాధానాన్ని. ఆఖరి నొక్కుకే సొమ్మంతా అనటం వ్యాపార నియమమే! తగాదా ఆ నియమంతోనే.

మూడో దారి అన్నిటికంటె విశాలమైనది. 2020 ఏప్రిల్‌లో, కరోనా వల్ల జనం యిళ్లలో బందీలై సమస్తమూ ఆన్‌లైన్లో కొంటున్న రోజుల్లో, అమెజాన్ అమెరికాలో తన కమిషన్ రేట్లు కోసేసింది. ఫర్నిచరు మీద నూటికి 8 వున్నది 3 అయింది. కిరాణా మీద 5 వున్నది 1 అయింది. ముందు చెప్పింది వారంరోజులు. సంప్రదింపులు లేవు, బేరం లేదు. యే దొంగ, యే లింకును యెత్తుకుపోయి అంత నష్టం చెయ్యగలడు?

యిప్పుడు చెప్పండి. పొట్టి చిరునామా కప్పితే 24 గంటల గడువు 25 అవుతుందా? ఆఖరి నొక్కు నియమం మారుతుందా? కప్పిన లింకు కూడ చివరికి అంగడి గుమ్మంలో అదే ముద్ర వేస్తుంది. గుమ్మం లోపల కాచుకున్నవాడు ఆ ముద్రను అదే సులువుతో తుడిచేస్తాడు. రేట్ల కోతను యే గుడ్డా ఆపలేదు. తోకలోని గుర్తును చేత్తో చెరిపి కొనే ఒకరిద్దరు తెలివిపరులనుంచి తప్ప యీ గుడ్డ దేనినుంచీ కాపాడదు. వేలు పోసి నేర్చుకుంటున్న రక్షణవిద్య నిజమైన శత్రువుల్లో ఒక్కణ్ణి కూడ తాకదు. యెదుట నిలబడిన అమాయకుడి కళ్లు మాత్రం కప్పుతుంది. రక్షణ అనే పేరు పెట్టి, పైనున్నవాడి మీద పోరాడవలసిన కుర్రవాణ్ణి పక్కనున్నవాడి మీదికి తిప్పటం కొత్త యెత్తుగడ కాదు. వేషం మాత్రమే కొత్త.

యిక్కడ మన మిత్రుల మొదటి జవాబుకు వస్తాను. "వీళ్లు కార్మికులు కారు, దళారీలు" అంటారు. మరి నున్న ఏజెంటుకు కొట్టు వున్నది, అప్పిచ్చే పెట్టుబడి వున్నది, లెక్క పుస్తకం అతడి చేతిలోనే వున్నది. మన కుర్రవాడికి యేమున్నది? సరుకు అతడిది కాదు. ధర అతడు పెట్టడు. కమిషన్ రేటు అతడు తేల్చడు. యెంతమంది కొన్నారో కంపెనీ చూపిన అంకె తప్ప అతడికి వేరే లెక్క లేదు. జీతం లేదు, సెలవు లేదు. పని ఫలిస్తేనే ముక్కకింత అని కూలి. మార్క్సు పెట్టుబడి గ్రంథం మొదటి సంపుటంలో పీసు వేతనాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. కూలిని ముక్కల్లో కొలిచినప్పుడు మేస్త్రీతో పనిలేకుండానే కార్మికుడు తనమీద తానే కొరడా పట్టుకుంటాడన్న సంగతి ఆ అధ్యాయం చదివిన విద్యార్థికి నేను చెప్పనక్కరలేదు. నడిరాత్రి దాకా వీడియోలు కోసుకుంటూ, "నేను సొంత వ్యాపారిని" అనుకునే కుర్రవాడు ఆ అధ్యాయానికి తాజా ఉదాహరణ.

మరికొందరు దీన్ని గొలుసు వ్యాపారంతో కలిపేస్తారు. అది కూడ తొందరపాటే. మనిషిని చేర్పించి, అతడు చేర్పించినవాళ్ల మీద కూడ వాటా తీసే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో ఆమ్‌వే కేసులో పరిశీలించి, అది 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందికి వస్తుందన్నది. ఒక వస్తువు చూపి, అమ్మకం మీద ఒక్కసారి కమిషన్ తీసుకోవటం అది కాదు. శత్రువు పేరు తప్పు చెప్పేవాడు యుద్ధం గెలవడు.

అయితే రెండో జవాబు చెప్పే దయార్ద్రహృదయులకు కూడ ఒక మాట. కూలివాడైనంత మాత్రాన అతడు చేసేదంతా నిర్దోషం కాదు. పైవాడి యెదుట అతడు కూలి. కొనేవాడి యెదుట ముసుగు వేసుకున్న ఏజెంటు. యీ రెండూ ఒకే మనిషిలో వున్నాయి. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని క్షమిస్తే, ఆ దారి యెక్కడికి పోతుందో బెట్టింగు యాప్‌లు చూపించాయి. తెలంగాణలో 2017నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2020నుంచీ ఆన్‌లైన్ జూదం చట్టరీత్యా నిషిద్ధం. అయినా తెలుగులో, మన యాసల్లో, మన కుర్రవాళ్ల నోటనే ఆ యాప్‌ల లింకులు యింటింటికీ చేరాయి. 2025 మార్చిలో హైదరాబాదులో పంజాగుట్ట, మియాపూరు పోలీసులు పలువురు నటుల మీదా, యూట్యూబర్ల మీదా కేసులు నమోదు చేశారు. తర్వాత ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఆ ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందేల ఆటలకు ప్రకటనలిచ్చేవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అన్నది. యెవరు దోషులన్నది కోర్టులు తేల్చవలసిన విషయం. నేను చెప్పేది పద్ధతి గురించి. జూదం కంపెనీలు లింకు పెట్టినవాడికి వాటా లెక్కగట్టే తీరుల్లో ప్రపంచమంతటా వాడుకలో వున్నది ఒకటి వుంది: నువ్వు పంపిన మనిషి పోగొట్టుకున్న డబ్బులో నూటికి యింత. అతడు గెలిస్తే నీకు లేదు. అతడు మునిగితేనే నీ యింట్లో దీపం. ఆ వాటా సంగతి లింకు పక్కన తెలుగులో రాసి వుంటే యెందరు నొక్కి వుండేవారు? మిక్సీ లింకు మీద గుడ్డ కప్పటం నేర్చిన చెయ్యి, యీ లింకు మీద కప్పటానికి కొత్తగా నేర్వవలసింది యేమీ లేదు.

సాహిత్యజీవులకు దీనితో యేం పని అని అడిగేవారు వుండవచ్చు. పనివున్నది. యీ వ్యాపారం మననుంచి ఒక మాటను యెత్తుకుపోయింది. ఆ మాట సమీక్ష. విమర్శ అనేదానికి మన ఉద్యమం యిచ్చిన అర్థం వేరు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిననాటినుంచీ, రచన యెవరి పక్షాన నిలబడింది అని అడగటం విమర్శకుడి ధర్మమని చెప్పుకున్నాం. రచయితను అడిగిన ఆ ప్రశ్న విమర్శకుణ్ణి అడగవద్దా? నేడు "రివ్యూ" అనే పేరుతో వస్తున్నవాటిలో యెన్నిటి తీర్పు ముందే రాసి వుండదు? "బాగాలేదు, కొనకండి" అంటే కమిషన్ రాదు. నిజం చెబితే నష్టపోయే స్థానంలో కూర్చున్నవాడు నిష్పాక్షికుడి భాష మాట్లాడుతున్నాడు. యిది మిక్సీలకూ ఫోన్లకూ ఆగలేదు. కథల సంపుటిని మెచ్చుకుని కింద లింకు పెట్టేవారు మనలోనూ వున్నారు. పెట్టటం తప్పనను, చిన్న పత్రికకూ, చిన్న ప్రచురణకూ ఆ నాలుగు రూపాయలు అవసరం కావచ్చు. చెప్పకుండా పెట్టటం మాత్రం విమర్శకు ద్రోహం. మనమే తుండుగుడ్డ భుజాన వేసుకుని సంతలో వాళ్లకు నీతులు చెబితే యెవరు వింటారు?

"యిందుకు చట్టాలు వున్నాయి గదా" అంటారు. వున్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా అన్నది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, సరుకును మెచ్చుకునేవాడికీ అమ్మేవాడికీ వున్న సంబంధం బయటపెట్టి తీరాలని మార్గదర్శకాలు యిచ్చింది. 2023 నవంబరులో ఆన్‌లైన్ అంగళ్ల మాయోపాయాలు 13 గుర్తించి నిషేధించినప్పుడు, వాటిలో ఒకటిగా మారువేషపు ప్రకటనను చేర్చింది. యింతకంటె స్పష్టంగా చట్టం యేం చెప్పాలి? అయితే మన తెలుగు వీడియోల కింద చూడండి. పలకరింపు తెలుగులో, పొగడ్త తెలుగులో, "తొందరపడండి, యీరోజే ఆఖరు" తెలుగులో. కమిషన్ సంగతి మాత్రం అన్నిటికంటె అడుగున, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో! సొమ్ము పిలిచే భాష ఒకటి, నిజం చెప్పే భాష మరొకటి. కోర్టులో ఇంగ్లీషు, సంతలో తెలుగు అని రైతును వందేళ్లు మోసగించిన పద్ధతే ఫోనులో మళ్లీ దిగింది. చట్టానికి మొక్కు తీరింది. మనిషికి మాట అందలేదు.

యీ దురన్యాయాన్ని యెదిరించటానికి మహా ప్రణాళికలు అక్కరలేదు. కొన్ని పనులు మన చేతిలోనే వున్నాయి. మొదటిది భాష. లింకుకు ముందు, లింకు యెంత పెద్ద అక్షరాల్లో వుందో అంత పెద్ద అక్షరాల్లో, "యిది కమిషన్ లింకు, దీని ద్వారా మీరు కొంటే నాకు డబ్బు వస్తుంది" అని తెలుగులో రాయాలి. వీడియోలో అయితే నోటితో చెప్పాలి. యీ వాక్యం రాయటానికి పండితుడు అక్కరలేదు. సిగ్గుపడనక్కరలేని వ్యాపారం చేస్తే చాలు. రెండోది మన సొంత యిల్లు. అభ్యుదయ పత్రికలూ, ప్రచురణలూ, మన మిత్రుల ఛానెళ్లూ యీ నియమం తమకు ముందుగా పెట్టుకోవాలి. మూడోది తరగతి గది. డిజిటల్ మార్కెటింగు పాఠం కాలేజీల్లోకి వచ్చింది. దాన్ని చెప్పే ఉపాధ్యాయులు లింకు దాచే ఉపాయంతో పాటు 2022, 2023 మార్గదర్శకాలు కూడ చెప్పాలి. కుకీ గడువు యెవరు పెట్టారు, ఆఖరి నొక్కు నియమం యెవరికి లాభం అని పిల్లలచేత లెక్కలు వేయించాలి.

నాలుగోది అన్నిటికన్న కష్టమైనది, అన్నిటికన్న అవసరమైనది. లింకులు పెట్టి బతికే యువతీయువకులు ఒక్కొక్కరుగా కంపెనీ యెదుట నిలబడినంత కాలం, 2020 ఏప్రిల్ వంటి వారం మళ్లీ మళ్లీ వస్తుంది. వాళ్లు కూడి అడగవలసినవి వున్నాయి. అమ్మకాల లెక్క మూడోవాడు తనిఖీ చెయ్యాలి. రేటు మార్చేముందు తగిన వ్యవధి యివ్వాలి. గడువు పెంచాలి. ముద్ర మార్చే పనిముట్లను అంగడివారు తమ గుమ్మంలోనే నిలిపెయ్యాలి. కారణం చెప్పకుండా ఖాతా మూసెయ్యరాదు. యివి రక్షణలు. మార్కెట్టులో హమాలీలు కూడినట్లు, తోటల్లో రైతుకూలీలు కూడినట్లు వీళ్లూ కూడగలరు. వీళ్లను దళారీలని తీసిపారేసే మనస్తత్వం మనం వదిలితేనే, వీళ్లు తమను తాము వ్యాపారులనుకునే భ్రమను వదలగలరు.

కొనేవాడు మన శత్రువు కాడు. అతడు మన పక్కవూరి రైతు, మన బడి పంతులు, నెలజీతానికి మిక్సీ కొనుక్కునే మనబోటివాడు. అతడికి నిజం చెప్పి, అతడి నమ్మకాన్ని మన వైపు తెచ్చుకుంటేనే కంపెనీతో బేరానికి మనకు బలం చేకూరుతుంది. కంపెనీకి కావలసింది ఆ నమ్మకమే గనుక, దాన్ని తాకట్టు పెట్టవలసింది మనం కాదు. అందువల్ల ఆ ప్రశ్న అడిగిన విద్యార్థికి నా సమాధానం యిది. లింకును పొట్టిగా రాసుకో, నీ పని సులువు చేసుకో. కొనేవాడి కంట మాత్రం గుడ్డ కప్పకు. కాపాడుకోవలసింది నీ కూలి. దానికోసం పైకి చూసి అడుగు. ఒంటరిగా కాదు, నీబోటి పదిమందిని వెంటబెట్టుకుని అడుగు.